కోటిలింగం గారి మరణానికి గడువు ముగిసింది

మద్ది పానకాలు చేతిలో మొదట ఉన్నది ఇంత. కొలిమిపాడు మున్సిపల్ కాంప్లెక్సులో పదకొండో నంబరు గది. దాని లీజు తండ్రి కోటిలింగం పేరు మీద ఉండేది, ఆయన పోయాక పానకాలు పేరుకు మారింది. ఆ గదిలో ఒక ఆఫ్‌సెట్ మిషను, ఒక ఫ్లెక్సీ మిషను. రెండింటి మీదా అప్పు తీరిపోయింది. డిజైన్లు చేయడానికి కరీమా. జీతం తక్కువని, పని ఎక్కువని మొహం మీదే చెప్పేది, చెబుతూనే పని పూర్తి చేసేది. ఇంట్లో భార్య తులసి, తల్లి సీతారావమ్మ. ఇవి కాక, కంప్యూటర్లో 'కుంచె' అనే బొమ్మల సాఫ్ట్‌వేరు.

కుంచెను పానకాలు ఒక్కసారే రొక్కం పోసి కొన్నాడు. అది వచ్చిన అట్టపెట్టెను లక్ష్మీదేవి పటం పక్కన పెట్టి, ఏటా దసరాకు మిషన్లతో పాటు దానికీ గంధం, కుంకుమ అద్దేవాడు. అద్దడంలో అర్థం ఉంది. పెళ్ళికార్డుల వ్యాపారంలో లాభం కొత్త డిజైనులో ఉండదు, పాత డిజైనులో ఉంటుంది. కొలిమిపాడులో పెద్దపిల్ల పెళ్ళికి ఏ కార్డు వేయిస్తే చిన్నపిల్ల పెళ్ళికీ అదే కార్డు వేయించాలి. వేయించకపోతే చిన్నల్లుడి తరఫువాళ్ళు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, ఎవరి వినాయకుడు పెద్దగా ఉన్నాడో చూస్తారు. కాబట్టి ఊళ్ళో ప్రతి కుటుంబానికీ ఒక కార్డు, ఆ కార్డు కుంచెలో భద్రం. గిరాకీ వచ్చి, "మా పెద్దదానికి కొట్టిందే, పేర్లు మార్చి కొట్టు" అంటే చాలు. కరీమా పేర్లు మార్చేది. పానకాలు మాత్రం మొత్తం డిజైనుకీ మజూరీ రాసేవాడు.

ఒక ముహూర్తాల కాలంలో, పత్తి వ్యాపారి ఒకాయన చిన్నకొడుకు కార్డు కోసం ఎదురుగా కూర్చుని ఉండగా, కరీమా కుర్చీ తిప్పింది.

"అన్నా, కుంచె తెరుచుకోవట్లా. ఏదో అడుగుతా ఉంది."

"ఏం అడుగుతోంది?"

"అద్దె."

పానకాలు లేచి వెళ్ళి తెర చూశాడు. అందులో చాలా మర్యాదగా రాసి ఉంది. ఒక్కసారి కొనడం అనే పాత ఇబ్బంది నుంచి ఆయనకు విముక్తి కలిగించామని, ఇకపై నెలనెలా కట్టుకునే స్వేచ్ఛ ప్రసాదించామని, అభినందనలని.

పత్తి వ్యాపారి గోడ గడియారం వైపు చూసి, "కార్డు ఉందా లేదా?" అన్నాడు.

"ఉందండీ. లోపల ఉంది," అన్నాడు పానకాలు. వ్యాపారంలో ఆ మాట అనాల్సి రావడం ఆయనకు అదే మొదటిసారి.

విజయవాడలో ఒక పెద్ద హోటల్లో కంపెనీ వాళ్ళు ప్రెస్సుల వాళ్ళందరికీ అవగాహన సదస్సు పెట్టారు. భోజనం ఉచితం అన్నారు కనుక పానకాలు వెళ్ళాడు. వేదిక మీద చైతన్యవర్ధన్ అనే కుర్రాయన మాట్లాడుతున్నాడు. ఆయన హోదా 'అనుభవ విభాగాధిపతి'. ఏం అనుభవమో ఎవరూ అడగలేదు.

"యాజమాన్యం ఒక బరువు," అన్నాడు చైతన్యవర్ధన్. "ఇంతకాలం ఆ బరువు మీ భుజాల మీద ఉంది. దాన్ని మా కంపెనీ దించుతోంది."

పానకాలు చెయ్యెత్తాడు. "నేను కుంచెను కొన్నానండీ. రసీదు ఉంది."

"మీరు కొన్నది కుంచెను కాదు సర్. కుంచె వచ్చిన పెట్టెను. పెట్టె ఎప్పటికీ మీదే. దాని జోలికి మేం రాము."

"మరి లోపల నేను చేయించుకున్న కార్డులు?"

"అవి కూడా సంపూర్ణంగా మీవే. మీ సృజనను మేం గౌరవిస్తాం. వాటిని చూసే సదవకాశం ఒక్కటే మాసవారీ."

"అంటే ఇల్లు నాది, డబ్బా నాది, బియ్యం నావి. మూత తీసినందుకు మీకు అద్దె."

చైతన్యవర్ధన్ ముఖం వెలిగిపోయింది. "అద్భుతమైన పోలిక సర్! మా తర్వాతి సదస్సులో వాడుకోవచ్చా?"

తిరుగు బస్సులో పానకాలు కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. కానీ వ్యాపారి మనసు, కోపం కుదురుగా నిలవలేదు. అదే సరుకు. అదే గిరాకీ. నెలకోసారి అమ్మకం. గోడౌను అక్కర్లేదు, తరుగు లేదు, బేరం లేదు. గుడివాడ దాటేసరికి ఆయనకు కంపెనీ మీద కోపం పోయి, తనకు ఈ ఆలోచన ముందు రానందుకు తన మీద కోపం వచ్చింది. మర్నాడు అద్దె కట్టాడు. పత్తి వ్యాపారి కార్డు బయటికి వచ్చింది. కట్టిన అద్దెను పానకాలు అందరి రేట్లలోనూ కొంచెం కొంచెం కలిపాడు.

ఆ కలిపినదే కొంప ముంచింది.

మున్సిపాలిటీ ధ్రువపత్రాల ఫారాలన్నీ పానకాలు ప్రెస్సులోనే అచ్చయ్యేవి. రేటు పెరిగిందని తెలిసి కమిషనర్ చిదంబరేశ్వరరావు గారు స్వయంగా దుకాణానికి వచ్చారు. ఆయన కూర్చున్నా ఫైలు మాట్లాడినట్టే మాట్లాడతారు.

"సదరు పెంపుదలకు గల హేతువేమి?"

పానకాలు కుంచె సంగతి మొత్తం చెప్పాడు. మామూలుగా ఏ అధికారి అయినా మధ్యలో ఫోను తీసుకుంటాడు. చిదంబరేశ్వరరావు గారు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"అనగా, ఒకసారి విక్రయించిన వస్తువును విక్రయించనట్టే భావించి, వచ్చే నెల మరల విక్రయించుట?"

"అంతే సార్."

"కొనుగోలుదారుకు అభ్యంతరం లేదా?"

"లేకేం సార్. కానీ వాడి సొంత సరుకు లోపల ఇరుక్కుపోయింది. ఏం చేస్తాడు?"

కమిషనర్ గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచినప్పుడు ఆ కళ్ళలో పన్నుల శాఖలో ఎన్నడూ కనిపించని వెలుగు ఉంది.

"పానకాలు గారూ," అన్నారు మెల్లగా. "ఈ పట్టణ ప్రజల పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు మొత్తం మా దగ్గరే కదా ఇరుక్కుని ఉన్నాయి."

కౌన్సిల్లో తీర్మానం ఎదురులేకుండా నెగ్గింది. "మున్సిపాలిటీ ఇకపై ధ్రువపత్రాలను జారీ చేయదు, పౌరులకు నిరంతర ధ్రువీకరణానుభవాన్ని అందించును" అని మొదటి వాక్యం. సలహాదారుగా చైతన్యవర్ధన్‌ను నియమించారు. ఆయనకు జీతం నెలనెలా.

ప్లాన్ల కరపత్రాల అచ్చు పని పానకాలుకే వచ్చింది. కరీమా ఒక్కో పేజీ అమర్చుతూ పైకి చదివేది.

"జననం. సాధారణ ప్లానులో పుట్టినట్టు మాత్రం ధ్రువీకరిస్తారంట. ఏ రోజు పుట్టాడో కావాలంటే మధ్యరకం ప్లాను. తండ్రి పేరు ఉండాలంటే కుటుంబ ప్లాను." ఆగింది. "అన్నా, మా తమ్ముడి పిల్లాడికి తండ్రి లేకుండా చేస్తారా వీళ్ళు?"

"కరపత్రానికింత అని మాట్లాడుకున్నాం. రాసింది రాసినట్టు కొట్టు."

"వివాహం. మొదటి నెల ఉచితం. ఆ తర్వాత దానంతటదే సాగుద్ది. వద్దనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చెయ్యాలి."

ఆ నంబరుకు ఊళ్ళో కొందరు చేసి చూశారు కూడా. చేస్తే సన్నాయి వినిపించేది. మధ్యలో ఒక ఆడగొంతు, "మీ దాంపత్యం మాకు ఎంతో ముఖ్యం. దయచేసి వేచి ఉండండి" అనేది. వేచి ఉండి ఉండి, ఇద్దరు ముగ్గురు దంపతులు కలిసి భోంచేసి రాజీ పడ్డారని, ఇది పథకం తొలి విజయమని కమిషనర్ గారు పత్రికలకు చెప్పారు.

చందా కట్టనివాళ్ళ ధ్రువపత్రాల మీద అడ్డంగా 'నమూనా' అనే మాట పడేది. పురపాలక బడిలో ఒక పిల్లవాణ్ణి నమూనా విద్యార్థిగా చేర్చుకున్నారు. హాజరు వేశారు గానీ మార్కులు వేయలేదు. ఇంటి నంబరుకు చందా ఆపిన ఒక టైలరింగ్ మాస్టారి ఇంటికి తపాలా రావడం ఆగింది. ఆయన బాధపడలేదు. వచ్చేవన్నీ మున్సిపాలిటీ నోటీసులే.

చివరి పేజీని కరీమా రెండుసార్లు చదివింది.

"మరణం. దీని పేరు శాంతి ప్లాను. కింద చూడన్నా: 'మీ మరణాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఎలాంటి ప్రశ్నలు అడగబడవు.' ఇది కొట్టమంటావా?"

పానకాలు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "అక్షరదోషం ఏమన్నా ఉందా?"

"లేదు."

"అయితే కొట్టు."

మిగిలిన కరపత్రాలు కొన్ని ఇంటికి తెచ్చాడు, అల్మరా అరల్లో పరచడానికి పనికొస్తాయని. తులసి ఒకటి చదివి అడిగింది, "మావయ్య గారికి కట్టేద్దామా? అందరూ కడుతున్నారు."

"ఆయన పోయి ఆరేళ్ళయింది. పోయినాయన్ని పోయినట్టే ఉంచడానికి నెలనెలా డబ్బులా? ఎవడు చూడొచ్చాడు? తిరిగొచ్చేది లేనిదాని మీద ఖర్చు పెట్టకూడదు తులసీ, అది వ్యాపారంలో మొదటి పాఠం."

అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సీతారావమ్మ తల ఎత్తకుండానే అంది, "నిజమే. ఆయన కూడా చందా ఇచ్చే మనిషి కాదు. వినాయక చవితి పిల్లలొస్తే వెనక గుమ్మంలోంచి పోయేవాడు."

అంతటితో ఆ బేరం ముగిసిందనుకున్నాడు పానకాలు. ఊరందరి పుట్టుపూర్వోత్తరాలకూ ప్లాన్లు అచ్చేసిన మనిషి, తన గది లీజు ఏ కాగితం మీద నిలబడి ఉందో ఆలోచించలేదు. అచ్చేసేవాడు అచ్చేసినది చదవడు. చదివితే ఆ వృత్తిలో బతకలేడు.

ఒకటో తారీఖున వితంతు పింఛను ఇవ్వడానికి వచ్చే సచివాలయం అమ్మాయి వచ్చింది. సీతారావమ్మ వేలు పెట్టింది. మిషను చాలాసేపు ఆలోచించింది.

"అమ్మమ్మా, ఈ నెల నుంచి నీకు పింఛను రాదు. మీ ఆయన బతికే ఉన్నాడు."

సీతారావమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. "ఎవరు చెప్పారు?"

"సిస్టంలో పచ్చ చుక్క వచ్చింది అమ్మమ్మా. గవర్నమెంటు రికార్డు."

"గవర్నమెంటు చెప్పిందా?"

"అవును."

సీతారావమ్మ వేలు చెంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

అదే పూట దుకాణంలో పానకాలుకు నోటీసు అందింది. "లీజుదారు శ్రీ మద్ది కోటిలింగం గారి మరణమునకు చందా గడువు ముగిసినందున వారు సజీవులుగా పరిగణింపబడుచున్నారు. కావున తమ పేర జరిగిన లీజు బదిలీ చెల్లదు. లీజుదారు రెండు నెలలలోగా స్వయంగా హాజరై సంతకం చేయని యెడల పదకొండో నంబరు గది వేలం వేయబడును." కింద చిన్న అక్షరాల్లో 'ముద్రణ: మద్ది గ్రాఫిక్స్, కొలిమిపాడు' అని ఉంది.

పానకాలు నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. రెండేళ్ళ చందా ఒకేసారి కట్టేస్తానన్నాడు. గుమాస్తా సంతోషించాడు.

"కట్టొచ్చండీ. మరణాన్ని పునరుద్ధరించాలంటే ఖాతాదారు ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది చెప్పండి."

"ఖాతాదారు మా నాన్న."

"ఆయన్నే చెప్పమనండి."

"ఆయన పోయాడయ్యా!"

గుమాస్తా కంప్యూటరు చూసి, జాలిగా తల అడ్డంగా ఊపాడు. "ఇందులో అట్టా లేదండీ."

కోటిలింగం నంబరు ఇప్పుడు నరసరావుపేట దగ్గర కోళ్ళఫారం నడిపే ఒకాయన దగ్గర ఉంది. పానకాలు ఆయనకు ఫోన్ చేసి, తన తండ్రి చనిపోవడానికి ఓటీపీ కావాలని వినయంగా అడిగాడు. "ఇసుమంటోళ్ళని శానామందిని సూశాలే," అని ఆయన పెట్టేశాడు.

గది పోతే ప్రెస్సు పోయినట్టే. మిషన్లు పెట్టే చోటు బజారులో ఇంకోటి లేదు, ఉన్నా ఆ పాతకాలపు అద్దెకు రాదు. కరీమాకు పని పోతుంది. జీవితంలో మొదటిసారి పానకాలు డబ్బు పట్టుకుని నిలబడితే పుచ్చుకునేవాడు లేడు.

ఇంటికి వెళ్ళేసరికి సీతారావమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పానకాలు మెట్టు మీదే ఆగిపోయాడు. ఆమె నుదుట గుండ్రంగా కుంకుమ బొట్టు ఉంది. రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు. వెనక గుమ్మంలో తులసి, నన్ను చూడకు అన్నట్టు నిలబడి ఉంది.

"అమ్మా, ఏంటిది?"

"ఏంటంటే? మొగుడు బతికుంటే బొట్టు పెట్టుకోకూడదా? ఆ రోజు పదిమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని గాజులు పగలగొట్టారు. ఇప్పుడు గవర్నమెంటే కాదంది. నేను ఎవరి మాట వినాలి?"

పానకాలు గాజులు లెక్కపెడుతున్నట్టు ఆమె చేతుల వైపు చూశాడు.

"చూస్తావేంది? ఆటో పిలువు," అంది సీతారావమ్మ. "మీ నాన్నని తెచ్చుకుందాం."

కమిషనర్ గారి గది ముందు వరుస పెద్దగా ఉంది. నమూనాలుగా మారినవాళ్ళు, తండ్రి పేర్లు పోగొట్టుకున్నవాళ్ళు, సన్నాయి విని విని విసిగినవాళ్ళు. బొట్టు పెట్టుకున్న ముసలమ్మను చూసి అందరూ దారి ఇచ్చారు. లోపల చిదంబరేశ్వరరావు గారి పక్కన చైతన్యవర్ధన్ కూర్చుని ఉన్నాడు. తలుపు ఎవరూ వేయలేదు.

"బాబూ, మా ఆయన బతికే ఉన్నాడంటగా," అంది సీతారావమ్మ. "ఆరేళ్ళ నుంచి ఎక్కడ పెట్టారు?"

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, కోటిలింగం గారు పురపాలక రికార్డుల పరిధిలో సజీవులుగా కొనసాగుచున్నారు. వారి భౌతిక ఉనికి మా శాఖ పరిధిలోకి రాదు."

"అదంతా నాకు తెలవదు. అన్నానికి వస్తాడా, రాడా?"

చైతన్యవర్ధన్ ముందుకు వంగాడు. "అమ్మగారూ, ఇప్పటివరకు మీ అనుభవం ఎలా ఉంది? అయిదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు?"

"ముందు మనిషిని ఇవ్వు నాయనా. నక్షత్రాలు తర్వాత ఇస్తా."

వరుసలో ఎవరో నవ్వారు. పానకాలు నవ్వలేదు. ఆయన తల్లి బొట్టు వైపు చూస్తున్నాడు. అప్పటిదాకా ఆయన తండ్రి బతకడాన్ని ఖర్చు కిందే రాసుకున్నాడు. ఆమె మాత్రం దాన్ని ఆదాయంగా రాసుకుని నేరుగా వసూలుకు వచ్చింది. పానకాలుకు తానూ వ్యాపారినేనని గుర్తొచ్చింది.

"సార్, ఒక్క సందేహం," అన్నాడు. "మా నాన్న ఈ నెల నుంచే బతికి ఉన్నాడా, మొదటి నుంచీనా?"

"చందా లేని మరణం ఆది నుంచీ చెల్లదు. తీర్మానంలో స్పష్టముగా ఉన్నది."

"మంచిది సార్. పోకముందు, అంటే మీ లెక్కలో పోనప్పుడు, ఆయనకు వృద్ధాప్య పింఛను వచ్చేది. ఆరేళ్ళుగా అది మీ దగ్గరే ఆగి ఉంది. బకాయి మొత్తం ఇప్పించండి."

చిదంబరేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఎదురుగా ఉన్న లెక్క మారలేదు.

"పింఛను పొందువారు స్వయంగా వేలిముద్ర వేయవలెను."

"తప్పకుండా వేయించుకోండి సార్. ఇంటికొచ్చి ఇవ్వడం మీ నిబంధన. మనిషిని రికార్డులో ఉంచుకున్నది మీరు. ఆయన ఏ ఇంట్లో ఉన్నాడో కూడా మీకే తెలియాలి. మీవాళ్ళు వెళ్ళేటప్పుడు చెప్పండి, మా అమ్మని కూడా వెంట పంపిస్తా. చూసి వస్తుంది."

"చూసి రావడమేంది?" అంది సీతారావమ్మ. "తీసుకొస్తా."

తలుపు తెరిచి ఉండటం వల్ల వరుస మొత్తం ఇది విన్నది. వరుస విన్నది సాయంత్రానికి బజారు విన్నది. మర్నాటి నుంచి కొలిమిపాడులో శాంతి ప్లానుకు పైసా కట్టినవాడు లేడు.

చనిపోయినవాళ్ళు వాడవాడలా తిరిగి వచ్చారు. రిటైరైన హెడ్‌మాస్టారు ఒకాయన తండ్రిని, తాతను, ముత్తాతను కూడా బతికించి, ముత్తాతకు స్వాతంత్ర్య సమరయోధుల పింఛను అడిగాడు. రేషన్ డీలరు ముందు కుటుంబాలు పెద్దల పేర్లు గట్టిగా చదివి బియ్యం లెక్క కట్టించుకున్నాయి. పొలం పంచుకున్న అన్నదమ్ములు, తండ్రి బతికి వచ్చాడని తెలిసి, గట్టు తగాదా ఆయన వచ్చేదాకా వాయిదా వేసుకున్నారు. ఓటర్ల జాబితా లావెక్కింది. దాని గురించి మాత్రం ఏ పార్టీ వాళ్ళూ ఏమీ అనలేదు.

చైతన్యవర్ధన్ ధైర్యం కోల్పోలేదు. "మనం ప్రీమియం మరణం ప్రవేశపెడదాం సర్. మూడు నెలలు చనిపోతే నాలుగో నెల ఉచితం." కమిషనర్ గారు ఆయన వైపు చూసిన చూపులో అనుభవ విభాగానికి సంబంధించినది ఏదో ఉంది. ఆ నెల ఆయన జీతం 'నమూనా' ముద్రతో వచ్చింది.

ఆ పైన జిల్లా కేంద్రం నుంచి తాఖీదు వచ్చింది. "తమ పట్టణములో జననములు పెరగకుండా జనాభా పెరుగుటకు గల కారణములు వివరించవలెను. అట్లే నూరేళ్ళు పైబడిన పింఛనుదారులు రాష్ట్రం మొత్తం మీద ఉన్నవారి కంటే తమ మూడో వార్డులోనే అధికముగా ఉండుటకు సంజాయిషీ పంపవలెను."

వారం తిరగకముందే సర్క్యులర్ వెలువడింది. పథకం అంచనాలకు మించి ఫలించినందున విజయవంతముగా ముగించడమైనదని, ఇకపై పట్టణ పరిధిలో జననములు, వివాహములు, మరణములు ఒకసారి జరిగితే జరిగినట్టేనని అందులో ఉంది. ధ్రువపత్రాలన్నీ 'శాశ్వతం' అనే ముద్రతో మళ్ళీ అచ్చు వేయించాలి. పట్టణంలో ఆ పని చేయగల ప్రెస్సు ఒకటే. అది ఆ సోమవారమే వేలానికి రావాల్సిన గదిలో ఉంది.

చిదంబరేశ్వరరావు గారు మళ్ళీ పానకాలు ఎదురుగా కూర్చున్నారు. ఈసారి ఆయన భాషలో ఫైలు కొంత తగ్గింది.

"త్వరగా కావాలి పానకాలు గారూ. చెల్లింపు మాత్రం నెలనెలా కొంచెం కొంచెంగా..."

"రొక్కం సార్," అన్నాడు పానకాలు. "ఒక్కసారే. పాత పద్ధతి. మొదటి కాగితం మా నాన్నది. రెండోది నా లీజు. తర్వాత ఊరిది."

కమిషనర్ గారు అక్కడికక్కడే సంతకం పెట్టారు.

ఆ పని కోసం కుంచెకు ఇంకొక్క నెల అద్దె కట్టాడు పానకాలు. ఆ నెలలో కరీమాను కూర్చోబెట్టి, లోపల ఇరుక్కున్న కార్డులన్నీ ఒక్కటొక్కటే తెరిపించి, పేర్ల చోటు ఖాళీ వదిలి, దండిగా అచ్చు వేయించి అటకెక్కించాడు. ఇక పెళ్ళి కుదిరినప్పుడు పేర్లు మాత్రం విడిగా అద్దుకోవడమే. కోటిలింగం కాలంలో అలాగే చేసేవాళ్ళు.

"అటక పడిపోద్దన్నా," అంది కరీమా.

"పడితే మన నెత్తినే పడుద్ది. అద్దె అడగదు."

నెలాఖరున కంపెనీకి ఫోన్ చేసి, చందా ఆపేయమన్నాడు. సన్నాయి మొదలైంది. స్పీకరు పెట్టి పక్కన ఉంచి, దాన్నే మంగళవాద్యంగా పెట్టుకుని ఆ పూట పెళ్ళికార్డులన్నీ కట్టలు కట్టించాడు.

శాశ్వత ధ్రువపత్రం జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం పానకాలుకు అడుగు పడలేదు. తల్లికి ఎలా చెప్పాలి? మొదటిసారి చెప్పినప్పుడు పక్కన పదిమంది ఉన్నారు. ఈసారి ఒక్కడే చెప్పాలి. వెళ్ళి ఆమె పక్కన కూర్చుని కాగితం ఒళ్ళో పెట్టాడు.

సీతారావమ్మ దాన్ని చదవలేదు. ముద్ర మీద వేలు పెట్టి చూసింది.

"మళ్ళీ పోయాడా?"

"ఊఁ."

"ఈసారి ఎన్నాళ్ళకి?"

"ఇంక ఎప్పటికీనమ్మా. వచ్చే నెల నుంచి నీ పింఛను వస్తుంది."

ఆమె కాగితం మడిచి ఇచ్చేసింది. పానకాలు చూపు తెలియకుండానే ఆమె నుదుటి మీదకు పోయింది. తులసి గుమ్మంలోంచి లోపలికి జరిగింది. ఆ చూపు ఎందుకో సీతారావమ్మకు తెలుసు.

"ఇది నేను వాళ్ళని అడగలా," అంది. "వాళ్ళే ఇంటికొచ్చి ఇచ్చారు. తీసెయ్యమని ఆ కాయితంలో రాశారా?"

పానకాలు మడత విప్పి, తాను అచ్చేసిన కాగితాన్ని జీవితంలో మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"లేదు."

"మరింకేం," అని ఆమె గాజులు పైకి తోసుకుని, పొయ్యి మీద కూర చూడటానికి లేచింది.

పానకాలు అరుగు మీద కూర్చునే లెక్క చూసుకున్నాడు. గది ఉంది, అది ముందూ ఉంది. కార్డులు ఉన్నాయి, అవీ ముందు ఉన్నవే. కంపెనీకి పోయింది, మున్సిపాలిటీ నుంచి వచ్చింది, రెండూ కొట్టేసుకున్నాయి. నాన్న పోయాడు, ముందే పోయాడు. ఇన్ని నెలల తిరుగుడులో కొత్తగా ఇంటికి వచ్చిన లాభం ఒకటే: అమ్మ నుదుట రూపాయి కాసంత బొట్టు. దానికి గడువు లేదు, అద్దె లేదు, ఎవరి ఓటీపీతోనూ పని లేదు. లాభం పద్దులో రాద్దామంటే ఎంత అని వేయాలో తెలియక, ఆయన దాన్ని లెక్కలో చేర్చకుండా ఉంచుకున్నాడు.